గడ్డి కాదు, పీచు: నా నీటిపిల్లి కోసం తుని నుంచి రాజమండ్రికి

గడ్డి. ఈ ఒక్క మాట మీద నాకు ఇరవై ఎనిమిదేళ్ళుగా కోపం. రాజమండ్రిలో ఒక పాత కాలేజీ ఉంది. పేరు రాయను, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. అందులో జంతుశాస్త్రం వాళ్ళ మ్యూజియం గదిలో, గాజు బీరువాలో ఒక నీటిపిల్లి, అదే చేపలు పట్టి తినే అడవిపిల్లి, నిలబడి ఉంటుంది. దాన్ని నిలిపింది నేను. దాని కాళ్ళ దగ్గర తెల్ల అట్ట మీద ‘గడ్డి కూరిన నీటిపిల్లి’ అని రాసి పెట్టారు. పెట్టిన రోజే చెప్పాను, అయ్యా, ఇందులో గడ్డి పరక కూడా లేదు, ఆ మాట మార్చండి అని. ‘అలాగే నూకరాజూ’ అన్నారు. అలాగే అన్నాయన రిటైరయ్యాడు. ఆయన తర్వాత వచ్చినాయన కూడా రిటైరయ్యాడు. అట్ట మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఒక్క మాటకి ఇంత పట్టింపేమిటని మీకు అనిపించవచ్చు. మా నాన్న తుని పక్క పల్లెలో తోలు దూడలు చేసేవాడు. గేదె ఈనిన కొన్నాళ్ళకే దూడ చచ్చిపోతే గేదె పాలు చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. అప్పుడు ఆ దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి, కాళ్ళకి బదులు నాలుగు కర్రలు గుచ్చి తల్లి ముందు పెట్టేవారు. దానికి కళ్ళుండవు. చెవులు ఒకటి పైకి, ఒకటి కిందికి. అయినా గేదెకి వాసన చాలు. నాకుతూ నిలబడేది, ఈలోగా పాలు పితికేసేవారు. చిన్నప్పుడు ఊళ్ళో నన్ను గడ్డిదూడ నూకరాజు అని పిలిచేవారు. ఆ పేరు వదిలించుకోవడానికే కాకినాడ వెళ్ళి, కాలేజీలకి పాములూ కప్పలూ సీసాల్లో పెట్టి ఇచ్చే ఒక మాస్టారి దగ్గర చేరాను. పక్షుల్నీ జంతువుల్నీ తోలుతో నిలపడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొదటి రోజు నా నోట కూరడం అన్న మాట వచ్చింది. ఆయన చేతిలో పట్టకారు బల్ల మీద పెట్టి, ‘‘కూరేది వంకాయల్లోరా. మనం నిలుపుతాం’’ అన్నాడు.

తేడా చెబుతాను. కూరడమంటే తోలు సంచీలో ఏదో ఒకటి తొక్కడం. నిలపడమంటే ముందు జంతువుని కొలిచి, దాని ఒళ్ళు కర్రతో మళ్ళీ తయారు చేసి, ఆ ఒంటి మీద తోలు తొడగడం. నీటిపిల్లికి నేను ఏటికొప్పాక నుంచి బొమ్మలు చేసే అంకుడు కర్ర తెప్పించి నడుం చెక్కాను. కాళ్ళలో ఇనప తీగ వేశాను. అమలాపురం కొబ్బరి పీచు నీళ్ళలో నానబెట్టి, పురికొసతో బిగించి కట్టి కండ తెచ్చాను. కండ మీద బంకమన్ను రాసి నరాలు ఉబికేటట్టు దిద్దాను. గాజు కన్నుకి వెనక నుంచి నేనే రంగు వేశాను, ఏడుసార్లు చెరిపి మళ్ళీ వేశాను. నేను అయిదో తరగతి దాటలేదు. ఈ రాత కూడా ఫోనులో మాట్లాడితే పడిన అక్షరాలే, తప్పులు వేలితో దిద్దుకున్నాను. కానీ ఈ జిల్లాల్లో నీటిపిల్లిని అలా నిలిపినవాడు ఇంకొకడుంటే నా ముందుకి రమ్మనండి.

ఇప్పుడు ప్రయాణం సంగతి. మొన్న వినాయక చవితి వెళ్ళాక ఆ కాలేజీలో అటెండరుగా ఉన్న సూరిబాబు ఫోన్ చేశాడు. మా ఆవిడ తరఫున చుట్టం, మావయ్యా అని పిలుస్తాడు.

‘‘మావయ్యా, నీ పిల్లికి నూకలు చెల్లేటట్టున్నాయి.’’

‘‘ఏంట్రా, సరిగా చెప్పు.’’

‘‘మ్యూజియం గది సర్దుతున్నారు. పాతవాటికి పురుగు పట్టేసింది. నలుగురు లెక్చరర్లతో కమిటీ వేశారు. గడ్డి కూరినవన్నీ ఓ పక్క, మిగతావి ఓ పక్క పెట్టమన్నారు. గడ్డిలోనే పురుగు పుడుతుందంట. నీదానికి గడ్డి అని అట్ట ఉంది కదా, ఆ పక్కకి ఎక్కేసింది.’’

‘‘ఆ పక్కవాటిని ఏం చేస్తారు?’’

‘‘ఫారెస్టోళ్ళకి చెప్పి తగలబెట్టించేస్తారంట. దసరా సెలవులయ్యాక కమిటీ కూర్చుంటది.’’

పోనీ నాకిచ్చెయ్యండి, ఇంట్లో పెట్టుకుంటానందామంటే చట్టం ఒప్పదు. నీటిపిల్లి తోలు మామూలు మనిషి ఇంట్లో ఉండకూడదు. అది మంచి చట్టమే, నేనేమీ అనను. అంటే ఆ గదిలో ఉండాలి, లేదా బూడిదవ్వాలి. ఇన్నాళ్ళూ నా పరువు తీసిన మాట ఇప్పుడు నా పిల్లి ప్రాణం మీదికొచ్చింది. చచ్చినదానికి ప్రాణమేమిటని నవ్వుకోండి, నాకేం. గుడ్డ సంచీలో తోలు కుట్టే మూడంచుల సూది, మైనం పట్టించిన దారం, దూది, పట్టకారు, చిన్న కత్తి, పురుగు పట్టకుండా వేసే వెలిగారం పొట్లం పెట్టుకుని మర్నాడే బయల్దేరాను.

తుని నుంచి రాజమండ్రికి పొద్దున్న ఆరు దాటాక రైలుంది. జనరల్ టికెట్టు అరవై రూపాయల లోపే. రెండు గంటల పైచిలుకు పడుతుంది, సామర్లకోటలో ఎక్కువసేపు ఆపితే ఇంకాస్త. ఎడమ కిటికీ దొరికితే కూర్చోండి, అన్నవరం కొండ కుడివైపు వస్తుంది కానీ ఎండ కూడా అటువైపే అని ఒకాయన నాతో వాదించాడు. ఆయన మాట వినకండి, నేను ఎడమవైపే కూర్చున్నాను, పిఠాపురం దాకా మెడ కాలిపోయింది. ఆయన పిఠాపురంలో దిగే బట్టల వ్యాపారి. మాట కలిపి, ఎక్కడికండీ అన్నాడు.

‘‘రాజమండ్రి. పిల్లిని చూడ్డానికి.’’

‘‘మంచిదండీ. ఎవరికండీ సంబంధం, మనవడికా?’’

‘‘పిల్ల కాదండీ, పిల్లి.’’

‘‘పిల్లా?’’

‘‘పిల్లి. నాలుక్కాళ్ళది. చచ్చిపోయి చాన్నాళ్ళయింది.’’

ఆయన కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు. దిగేటప్పుడు మాత్రం, ‘‘వెళ్ళొస్తానండీ, జాగ్రత్తండీ’’ అని నా సంచీ వంక ఒకసారి చూసి దిగాడు.

అనపర్తి దాటాక రెండు వైపులా పచ్చటి చేలు, ద్వారపూడి దగ్గర బట్టల మూటలతో ఎక్కిన ఆడవాళ్ళు, కడియం దగ్గర పూల మొక్కల తోటలు. అవన్నీ మీరు వెళ్ళినప్పుడు చూసుకోండి. నేను మాత్రం దారంతా ఒకటే ఆలోచించాను. లోపల గడ్డి లేదని రుజువు చెయ్యాలి. చెయ్యాలంటే కొయ్యాలి. ఎండిన తోలు, అంత పాతది, కత్తి పెడితే చిట్లిందనుకోండి, తగలబెట్టే పని వాళ్ళకి నేనే సులువు చేసినవాణ్ణవుతాను.

స్టేషను బయట షేర్ ఆటో అయితే ఇరవైతో పోతుంది, నేను సంచీ ఉందని ఒక్కడినే మాట్లాడుకున్నాను, వంద అడిగాడు, ఎనభైకి ఒప్పుకున్నాడు. డ్రైవరు కుర్రాడు కాదు, నడివయసు మనిషి, వీర్రాజని పేరు.

‘‘ఈ వయసులో కాలేజీకేంటండీ తాతగారూ, ఏం చదువుతారేంటి?’’

‘‘చదవను. వాళ్ళు రాసింది దిద్దుతాను.’’

‘‘ఓహో, పెద్ద మాస్టారన్నమాట.’’

‘‘మాస్టార్ని కాదు. అయిదో తరగతి.’’

‘‘మరింకేంటండీ, నాకంటే రెండు ఎక్కువే’’ అని పెద్దగా నవ్వి, గేటు దాకా కాకుండా లోపల మెట్ల దగ్గర దించాడు.

వెళ్ళేసరికి మ్యూజియం చూసే లెక్చరర్ క్లాసులో ఉన్నారు, మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నారని సూరిబాబు చెప్పాడు. ఈ గది మామూలుగా తాళం వేసి ఉంటుంది. చూడదల్చుకున్నవాళ్ళు పనిరోజుల్లో ముందుగా ఆఫీసులో అడిగి, మధ్యాహ్నం వేళ వెళ్ళాలి. పొద్దున్న వెళితే నాలాగే రోడ్డున పడతారు. రోడ్డున పడ్డందుకు ఒక మేలు జరిగింది. వెనక సందులో ఒకావిడ మెస్ నడుపుతుంది, నూట ఇరవైకి కడుపునిండా భోజనం. ఆ రోజు గుత్తివంకాయ. తొడిమ ఊడకుండా, కాయ చితక్కుండా, లోపల కారం బయటికి రాకుండా చేసింది. చేతిపని నాకు తెలుస్తుంది. మెచ్చుకుందామనే అడిగాను.

‘‘ఏం కూరావమ్మా లోపల? గడ్డి కాదు కదా?’’

గరిటె అలాగే ఆగిపోయింది. ‘‘ఏంటండీ ఆ మాట? నువ్వులు, కొబ్బరి, ధనియాలు నేనే దంచి పెట్టాను. పెద్దవారని ఊరుకుంటున్నాను కానీ, నా చేతి వంటని గడ్డంటారా?’’

‘‘కోపం వచ్చింది కదమ్మా?’’

‘‘రాదా మరి?’’

‘‘నాకూ ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి అలాగే ఉంది’’ అని నా సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, నా విస్తట్లో ఇంకో రెండు వంకాయలు వేసి, ‘‘వెళ్ళి అడగండి బాబాయిగారూ, ఊరుకోకండి. ఆ అట్ట రాసినోణ్ణి ఓసారి నా దగ్గరికి పంపండి, గడ్డి పెడతాను’’ అంది.

రెండింటికి సూరిబాబు తాళం తీశాడు. గదిలో పాత చెక్క వాసన, దాని కింద పురుగు వాసన. ఒక గుడ్లగూబకి ఈకలు రాలిపోయి తీగ బయటపడింది. ఒక ముంగిస తోక దుమ్మయిపోయింది. వాటిని చేసింది ఎవరో నాకు తెలియదు, గడ్డి మాత్రం చిరుగుల్లోంచి నాకూ కనబడింది. కిటికీ పక్కన విడిగా బల్ల మీద పెట్టారు నాదాన్ని, తగలబెట్టేవాటి వరసలో. ఒక ముందరి కాలు నీళ్ళలోకి చాపబోయి ఆగినట్టు, వేళ్ళ మధ్య పల్చటి పొర విడీవిడనట్టు, చెవులు వెనక్కి, చూపు కిందికి. ఎక్కడో చేప కదిలింది, ఇదింకా మనసు కుదుర్చుకోలేదు. ఆ ఒక్క క్షణం పట్టుకోవడానికి నేను కోరంగి మడ అడవుల్లో పడవలో ఎన్ని పొద్దులు కూర్చున్నానో. కుడి చెవి అంచున చిన్న పురుగు కాటు ఉంది, దాచను. మిగతా ఒంటి మీద ఒక్క వెంట్రుక కదల్లేదు.

మేడం వచ్చారు. మేరీ సుజాత గారు, మా మనవరాలి ఈడు, కమిటీ నలుగురిలో ఒకరు. నమస్కారం పెట్టి, కుర్చీ వేయించి, సూటిగానే మాట్లాడారు.

‘‘నూకరాజు గారూ, మీరు వస్తారని సూరిబాబు చెప్పాడండి. నిజం చెప్పాలంటే ఇలాంటివి ఉంచడమే నాకిష్టం లేదండి. మా చర్చిలో మట్టిని మట్టికి అప్పగిస్తాం. చచ్చిపోయినదాన్ని నిలబెట్టి గాజు పెట్టెలో చూడ్డమేంటండీ?’’

‘‘దాని గురించి తర్వాత పోట్లాడుకుందామమ్మా. ముందు ఇది చెప్పండి. గడ్డి కాబట్టి తగలబెడుతున్నారా, ఇష్టం లేక తగలబెడుతున్నారా?’’

‘‘కమిటీ రాసుకున్నది గడ్డి కాబట్టేనండి’’ అన్నారు.

‘‘అయితే గడ్డి లేదు.’’

‘‘ఎలా తెలుస్తుందండీ? ఎక్స్‌రే తీయిద్దామా పోనీ?’’

‘‘తీస్తే తీగలూ మేకులూ కనబడతాయి. పీచో గడ్డో అది చెప్పదు. కొయ్యాలి. నేనే కోస్తాను.’’

సూరిబాబు ‘‘మావయ్యా, వద్దు’’ అన్నాడు. నేను సంచీ విప్పాను. పిల్లిని పక్కకి వాల్చి, పొట్ట మీది బొచ్చు పాయ తీశాను. నా కుట్టు నాకు కూడా వెంటనే దొరకలేదు. అది నా గొప్ప, రాసుకుంటాను. తడిదూది అద్ది, తోలు మెత్తబడేదాకా ఆగాను. ఈలోగా ఆవిడ అడుగుతుంటే తోలు దూడ సంగతి చెప్పాను, నాన్న సంగతి చెప్పాను. తర్వాత కత్తి మొనతో ఒక్కో దారం పోగు తెంపాను. రెండు వేళ్ళ వెడల్పు తెరుచుకోగానే పట్టకారు పెట్టి లాగి, వచ్చినదాన్ని ఆవిడ అరచేతిలో పెట్టాను.

ఎర్రగా, గట్టిగా, నలిపితే చిటపటమనే కొబ్బరి పీచు. పురికొస ముక్క ఇంకా దానికి చుట్టుకునే ఉంది. పురుగు లేదు, పొడి లేదు. వెలిగారం తెల్లగా మెరుస్తోంది.

‘‘పీచేనండీ’’ అన్నారు మేడం. ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు కూడా. ‘‘వాసన కూడా లేదు. ఇది నేను కమిటీలో చెబుతానండి, తప్పకుండా చెబుతాను.’’ సూరిబాబు మాత్రం తనే కోసినట్టు రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆవిడ అడిగారు.

‘‘ఇది ఎలా చచ్చిపోయిందండీ?’’

చెప్పాను. కోరంగి వైపు ఒక చేపల చెరువు గట్టు మీద ఎవరో పెట్టిన ఇనప తీగ ఉచ్చులో వెనక కాలు చిక్కుకుంది. ఫారెస్టు వాళ్ళకి దొరికేసరికే చచ్చిపోయింది. వాళ్ళు పద్ధతి ప్రకారం కాలేజీకి ఇస్తే కాలేజీ నన్ను పిలిచింది. చంపించి తెచ్చినదాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. రొయ్యల చెరువులాయన ఒకడు, నీటికుక్కల్ని కొట్టించి తెస్తాను, హాల్లో జంటగా నిలబెట్టమని వచ్చాడు. వీధి గుమ్మంలోంచే పంపించేశాను.

‘‘రెండేళ్ళుగా చూస్తున్నానండి దీన్ని. ఆ ఉచ్చు గుర్తు నాకెప్పుడూ కనబడలేదు.’’

నాకు ఒళ్ళు పొంగింది. ‘‘కనబడదమ్మా. అదే పనితనం’’ అని వెనక కాలు దగ్గర బొచ్చు విడదీసి చూపించాను. తీగ ఎముక దాకా దిగిన చోట నేను వేసిన కుట్లు చీమ కాళ్ళలా ఉన్నాయి.

ఆవిడ వాటిని చాలాసేపు చూశారు. సంతోషించలేదు. ‘‘అంటే దానికేమీ కానట్టు నిలబెట్టారు. పిల్లలొచ్చి, ఎంత బాగుందో అని సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అని ఒక్కరూ అడగరు. మీ తోలు దూడకీ దీనికీ తేడా ఏంటండీ మరి? అక్కడ గేదె మోసపోయింది, ఇక్కడ మేం మోసపోయాం.’’

సూరిబాబు ఫ్యాను వంక చూడడం మొదలుపెట్టాడు. ఆ మాట ఇంకెవరన్నా అంటే లేచి వచ్చేసేవాణ్ణి. కానీ ఆవిడ వెటకారంగా అనలేదు. అందుకని నేనూ ఆలోచించే జవాబు చెప్పాను.

‘‘తల్లీ, కుక్క చచ్చిపోయిందని ఏడ్చుకుంటూ ఎంతోమంది నా దగ్గరికొస్తారు, అచ్చం అలాగే చేసిపెట్టమని. ఎంతిస్తామన్నా చెయ్యను. ఎందుకో తెలుసా? వాళ్ళు దాన్ని చూడరు. గేదెలాగా నాకుతారు. అది మోసమే, ఒప్పుకుంటాను. మీ పిల్లలకి ఇది చచ్చిపోయిందని తెలుసు. తెలిసీ చూస్తారు. కోరంగిలో పడవేసుకుని నెల్లాళ్ళు తిరిగినా నీటిపిల్లి వేళ్ళ మధ్య పొర ఉంటుందని కళ్ళతో చూడలేరు, ఇక్కడ చూస్తారు. ఇక గాయమంటారా, తోలు నా పని, అట్ట మీ పని. అది బతికుండగా ఎంత అందంగా ఉండేదో నా తోలు చెబుతుంది. ఎలా చచ్చిందో మీ అట్ట చెప్పాలి. నాకు రాసేపాటి చదువు లేదు, మీకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు మీ అట్ట ఏం చెప్పింది? గడ్డి అని చెప్పింది.’’

ఆవిడ నవ్వలేదు, కానీ మొహంలో బిగువు తగ్గింది. ‘‘కొత్తగా ఏ జంతువునీ తెచ్చి పెట్టకూడదండి ఇక్కడ. దానికి మాత్రం నేను ఒప్పుకోను.’’

‘‘నేనూ ఒప్పుకోను. ఉన్నవాటిని ఉండనివ్వండి చాలు.’’

‘‘సరే, అయితే రాద్దామండి’’ అని కొత్త అట్ట తెప్పించి, పెన్సిలుతో మెల్లగా పైకి చదువుతూ రాశారు. ‘‘నీటిపిల్లి. కోరంగి దగ్గర చేపల చెరువు గట్టున మనుషులు పెట్టిన ఉచ్చులో చిక్కి చనిపోయింది. నిలిపినది...’’ అక్కడ పెన్సిలు ఆగింది.

‘‘నూకరాజు, తుని’’ అన్నాను.

‘‘పేరు రాయాలంటే మిగతా ముగ్గురూ ఒప్పుకోవాలండి. ఈ గదిలో ఇంతవరకూ ఎవరి పేరూ లేదు. అసలు ఇది ఉంచాలా వద్దా అన్నదే వాళ్ళింకా తేల్చలేదు. వాళ్ళు ఈ గదికి రాలేదు కూడా.’’

అప్పుడు నేను కుట్టడం మొదలుపెట్టాను. పాత రంధ్రాల్లోంచే సూది పోనిస్తూ చివరి దాకా వచ్చి, రెండు కుట్లు మిగిలాయనగా ఆపేశాను. ఆ సందులో వెలిగారం అద్దిన దూది పెట్టాను.

‘‘అదేంటండీ, పూర్తి చెయ్యరా?’’

‘‘మిగతా ముగ్గుర్నీ కూడా వచ్చి చూడనివ్వండమ్మా. వేలు పెట్టి చూసుకోమనండి. వాళ్ళు చూశాక నేనే వచ్చి వేస్తాను.’’

సాయంత్రం రైలుకి టైముందని గోదావరి గట్టుకి వెళ్ళాను. మీరూ వెళ్ళండి, టికెట్టేమీ లేదు, మెట్ల మీద పిడత కింద పప్పు ముప్ఫయికి ఇస్తారు. నీరు ఇంకా ఎర్రగానే ఉంది. అవతల కొవ్వూరు దీపాలు వెలుగుతున్నాయి, వంతెన మీద గూడ్సు బండి పోతోంది. నేనక్కడ కూర్చుని మా నాన్న గురించి అనుకున్నాను. ఆయన చేతిలో తోలు దూడలకి కళ్ళుండేవి కావు, ఎందుకంటే గేదెకి అవసరం లేదు. నేను కళ్ళ కోసం ఏడుసార్లు చెరిపాను, ఎందుకంటే చూసేవాడు మనిషి. మోసపోవడానికి వచ్చినవాడికి గడ్డి చాలు. చూడ్డానికి వచ్చినవాడికి చాలదు. ఇన్నేళ్ళూ నా మనసులో ఉన్న ఈ మాట ఇంత శుభ్రంగా ఎప్పుడూ నోటికి రాలేదు, ఆ మేడం పోట్లాడబట్టి వచ్చింది. ఆవిడకి అందుకు నా నమస్కారం.

ఇలాంటి పాత గదులు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటే చెబుతాను. బీరువా తెరిచి ఉన్నా సరే, పాత జంతువుల్నీ పక్షుల్నీ చేత్తో తాకకండి, పిల్లల్ని అసలు తాకనివ్వకండి. వెనకటివాళ్ళు పురుగు పట్టకుండా తోలుకి పాషాణం పూసేవారు. మా మాస్టారి వేళ్ళు దానివల్లే పాడయ్యాయి. అందుకే నేను ఆ విషం మానేసి వెలిగారం, పటికలతో పని చేశాను. కానీ గాజు అవతల ఉన్నది ఎవరి పనో మీకు తెలియదు, ఎవరి పేరూ రాయరు కాబట్టి. పొరపాటున తగిలితే సబ్బుతో కడుక్కునేదాకా నోట్లో ఏమీ పెట్టుకోకండి.

ఇక కమిటీలో మిగిలిన ముగ్గురికి. ఇది మీకోసమే రాస్తున్నాను, మేరీ సుజాత గారు మీకు చదివి వినిపిస్తానన్నారు. ఆ రెండు కుట్లూ తెరిచి ఉన్నంతకాలం పురుగుకి దారి ఉన్నట్టే. నేను పెట్టిన దూది కార్తీకం మొదటి వారం దాకా కాపలా కాస్తుంది, ఆ తర్వాత నా పూచీ లేదు. నాగుల చవితి రోజు, దీపాలు పెట్టే వేళలోపు నాకు జవాబు కావాలి. సూరిబాబు చేత కబురు పెడితే ఒప్పుకోను, మీలో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. ఆ గదికి వెళ్ళారా, లేదా? వేలు పెట్టి చూశారా, లేదా? నా పిల్లిని ఉంచుతున్నారా, తగలబెడుతున్నారా? ఉంచేటట్టయితే ఆ అట్ట మీద నిలిపినది అన్న మాట తర్వాత ఏం రాస్తున్నారు? సూదికి దారం ఎక్కించి పెట్టుకున్నాను. చెప్పండి, ఆ రెండు కుట్లూ వెయ్యడానికి నేను రావాలా, వద్దా?